పబ్లిక్ పరీక్ష కోసం చదివి చదివి చదువు మీద ఇష్టమే పోతోంది: మీ పిల్లల విషయంలో ఏం జరిగింది?

ఖమ్మం_అమ్మ
మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి చదువుతోంది. ఏడో తరగతిలో ఉండగా, పసుపు కలిపిన నీళ్లలో సబ్బు నీళ్లు పడితే ఎర్రగా మారతాయని ఎక్కడో తెలుసుకుని, చింతపండు పులుసు దగ్గర నుంచి వాళ్ల తాతయ్య తాగే కషాయం దాకా ఇంట్లో ఉన్న ప్రతి ద్రవాన్నీ ఆ పసుపు నీళ్లలో పోసి చూసి, ఏది ఏ రంగు ఇచ్చిందో ఒక నోటు పుస్తకంలో పట్టిక వేసుకుంది. ఇప్పుడు అదే విషయం ఆమ్లాలు, క్షారాలు, లవణాలు అనే పాఠంగా వచ్చింది కదా అని నేను ఆ పాత పుస్తకం వెతికి ఇస్తే, "అమ్మా, ఇవేవీ పబ్లిక్‌లో రావు, సార్ ఇచ్చిన మెటీరియల్‌లో లేవు" అని తిరిగి నా చేతిలోనే పెట్టింది.

తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవులు ముగియగానే వాళ్ల బడిలో పదో తరగతి పాఠాలు మొదలుపెట్టారు. ఉదయం ఏడున్నరకు స్టడీ అవర్‌తో మొదలయ్యే రోజు సాయంత్రం ఆరున్నరకు ముగుస్తుంది. రోజూ స్లిప్ టెస్టు, ఆదివారం ఉదయం గ్రాండ్ టెస్టు ఉంటాయి. ఆ మార్కులను బట్టి నెలకోసారి సెక్షన్లు మారుస్తారు. ఆగస్టులో తనను కింది సెక్షన్‌కు పంపారు, సెప్టెంబరులో మళ్లీ పైకి తెచ్చారు. మార్కులు తగ్గలేదు, నిజానికి పెరిగాయి. అయితే ఏ పాఠం తీసినా తను అడిగే ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఇది ఎన్ని మార్కులకు వస్తుంది? పరీక్ష భయం లేకపోతే పిల్లలు పుస్తకం పట్టరని మా వారు అంటారు. ఆ భయమే పుస్తకం మీద ఇష్టాన్ని తినేస్తోందని నాకు అనిపిస్తోంది. పిల్లలను ఈ దశ దాటించిన తల్లిదండ్రులు, పాఠాలు చెప్పే వాళ్లు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

జొన్నచేను
ఎన్ని గంటలు నిద్రపోతోంది? ముందు అది చెప్పండి.

ఖమ్మం_అమ్మ
పదకొండున్నరకు పడుకుని అయిదున్నరకు లేస్తోంది.

జొన్నచేను
ఆ వయసు పిల్లలకు కనీసం ఎనిమిది గంటల నిద్ర కావాలి. పోయింది ఇష్టమా, ఓపికా అన్నది కంటినిండా నిద్ర పట్టాక గానీ తేల్చలేం.

సుద్దముక్క
ఇరవై రెండేళ్లుగా ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం చెబుతున్నాను. మీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్న పిల్లలకు పుట్టుకతో వచ్చింది కాదు, మేము నేర్పినది. ఎలా నేర్పుతామో చెబుతాను.

జనవరి వచ్చేసరికి తరగతిని మూడు భాగాలు చేస్తాం. బాగా చదివే వాళ్లను ఒక పక్క కూర్చోబెడతాం, మధ్య వాళ్లను వదిలేస్తాం, 'సి' గ్రూపును పట్టుకుంటాం. 'సి' గ్రూపు పిల్లవాడికి వర్గ బహుపది గ్రాఫు, నాలుగు సూత్రాలు, కొన్ని బిట్లు వస్తే 35 దాటతాడు. సైన్సులో బొమ్మలు, సాంఘిక శాస్త్రంలో మ్యాపు, తెలుగులో లేఖ కూడా అలాంటివే. ఒక ఏడాది అలాంటి పిల్లవాడొకడు గ్రాఫు గీసి, "సార్, ఈ గీత కాగితం దాటాక ఎక్కడికి పోతుంది?" అని అడిగాడు. తొమ్మిదేళ్లు మా బళ్లలో చదివి వాడు గణితంలో అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అది. అప్పటికి పరీక్షకు పంతొమ్మిది రోజులుంది. "అది నీకు అక్కర్లేదు, ఎక్స్ అక్షాన్ని ఎక్కడ ఖండించిందో రాస్తే చాలు" అన్నాను. వాడికి 41 వచ్చాయి, మా బడి ఉత్తీర్ణత శాతంలో వాడూ లెక్కకొచ్చాడు. వాడు మళ్లీ ప్రశ్న అడగలేదు. ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

మా రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. కరోనా వల్ల రెండేళ్లు పరీక్షలే లేకుండా పోయాక వచ్చిన ఫలితం మొదటిది. కొత్త ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలతో రాసిన తొలి బ్యాచ్‌ది చివరిది. ఈ కారణాల గురించి సమీక్షా సమావేశంలో ఎవరూ మాట్లాడరు. నీ బడి శాతం ఎంత, పక్క మండలం శాతం ఎంత అన్నదే మాట. ఆ ఒత్తిడి పై నుంచి ప్రధానోపాధ్యాయుడికి, ఆయన నుంచి మాకు, మా నుంచి పిల్లలకు దిగుతుంది. వాళ్లు దాన్ని దించుకోవడానికి వాళ్ల కింద ఎవరూ లేరు.

చెరువుగట్టు
మాస్టారూ, ఇంతకీ ఆ గీత ఎక్కడికి పోతుంది? నేను కూడా 'సి' గ్రూపే, నాకూ ఎవరూ చెప్పలేదు.

సుద్దముక్క
రెండు చేతులూ పైకెత్తినట్టు అంతు లేకుండా పైకే పోతుంది, ఎంత దూరం పోయినా తిరిగి కలవదు. ఎక్స్ స్క్వేర్ గుణకం రుణాత్మకమైతే రెండు చేతులూ కిందికి దిగుతాయి. చూడండి, రెండు వాక్యాలు. ఆ రోజు నాకు రెండు నిమిషాలు దొరకలేదు.

బీడీల_కొలువు
సుద్దముక్క గారి బాధ అర్థమైంది, కానీ ఈ చర్చ ఒక వైపే వాలిపోతోంది కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. మా అమ్మ నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టేది. మా ఊరి బడిలో పది చదివాను. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశానికి వేరే పరీక్ష లేదు, పదో తరగతి ఫలితమే ఆధారం. బాసరలో 1,500 సీట్లు, ఆరేళ్ల చదువు. నేను చేరినప్పుడు గ్రేడ్లు ఉండేవి, ప్రభుత్వ బడి పిల్లలకు జీపీఏకు 0.4 కలిపేవారు. నాకు 9.3 వచ్చింది, అది కలిసి 9.7 అయింది, సీటు వచ్చింది. కోచింగ్‌కు కట్టడానికి మా ఇంట్లో లక్ష కాదు, పది వేలు కూడా లేవు.

నాకు తొమ్మిదో తరగతిలో చదువు మీద ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. మా సీనియరు ఒకడు బాసర నుంచి సెలవులకు వచ్చి, అక్కడ ప్రతి ఒక్కరికీ ల్యాప్‌టాప్ ఇచ్చారని చూపించిన రోజు పట్టుకుంది నాకు పట్టుదల. నా పేరు, కులం, మా ఊరు తెలియని ఎవరో మాస్టారు ఎక్కడో కూర్చుని నా జవాబు పత్రం దిద్దుతారన్న ధైర్యమే నన్ను చదివించింది. ఈ పరీక్షే లేకపోతే ఆ సీట్లు ఎవరికి పోతాయో ఒక్కసారి ఆలోచించండి. సిఫారసు లేని పిల్లవాడికి అంతకు మించిన న్యాయం ఇంతవరకు నాకైతే కనబడలేదు.

నూటికి_ఇరవై
బీడీల_కొలువు గారి మాట సగం నిజం. పరీక్ష పట్టుదల పుట్టిస్తుంది, అయితే గీత ఎక్కడ గీస్తే అక్కడికే పుట్టిస్తుంది. మా రోజుల్లో మిగతా సబ్జెక్టులన్నిటికీ 35 రావాలి, హిందీకి 20 చాలు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మా తరగతిలో ఒక్కరూ హిందీ పుస్తకం పూర్తిగా చదవలేదు. మా హిందీ పంతులమ్మ ఎంతో బాగా చెప్పేవారు, కథలను నటించి చూపేవారు. ఇరవై మార్కులకు ఎన్ని బిట్లు కావాలో మేము లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్లం. తరవాత ఉద్యోగానికి నాగ్‌పూర్ వెళ్లి, బస్టాండులో నోరు తెరవలేక నిలబడ్డప్పుడు ఆవిడ గుర్తొచ్చారు.

సుద్దముక్క
ఇది సరిగ్గా చెప్పారు. తొమ్మిది పాయింట్ల దగ్గర ఉన్న పిల్లవాడికి పరీక్ష ఒక తలుపు. 35 దగ్గర ఉన్న పిల్లవాడికి అదే పరీక్ష ఒక గోడ. ఇద్దరూ ఒకే గదిలో ఒకే ప్రశ్నపత్రం రాస్తారు. బీడీల_కొలువు గారు తలుపు గురించి మాట్లాడుతున్నారు, నేను గోడ దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను.

మూడు_పేపర్లు
పరీక్ష లేకపోతే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు, మా బ్యాచ్‌ను చూస్తే చాలు. 2020 మార్చిలో తెలంగాణలో మేము మూడు పేపర్లు రాశాక పరీక్షలు ఆగిపోయాయి, జూన్‌లో మొత్తం రద్దు చేశారు. ఇంటర్నల్ మార్కుల ఆధారంగా అందరినీ పాస్ చేశారు. మా అమ్మ వీధంతా స్వీట్లు పంచింది. నేను బయటికి రాలేదు. ఏడాదంతా తెల్లవారుజామున లేచి చదివినవాడికీ, పుస్తకం ముట్టని వాడికీ మెమోలో తేడా కనబడకపోతే, కష్టపడ్డవాడికి తాను మోసపోయినట్టు ఉంటుంది. మరుసటి ఏడాది బ్యాచ్‌లో సుమారు 5 లక్షల 21 వేల మందిలో 2 లక్షల 10 వేల మందికి పైగా 10 జీపీఏ వచ్చింది. అన్ని పదులు ఉన్నప్పుడు పదికి విలువేముంది?

తరవాత ఇంటర్ మొదటి ఏడాది ఆన్‌లైన్ పాఠాలు. ఈ పరీక్షలు కూడా ఉండవులే అనుకున్నాం. 2021 అక్టోబరులో హఠాత్తుగా పెట్టారు. 49 శాతమే పాసయ్యారు. గొడవలయ్యాక, ఫెయిలైన వాళ్లందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేశారు. గణితంలో నాకు వచ్చినవి 19, మెమోలో ఉన్నవి 26. ఆ ఏడు మార్కులు ఇవాళ్టికీ నావి కావు. పరీక్ష నన్ను భయపెట్టిన దానికన్నా, లేని పరీక్ష నన్ను ఎక్కువ చెడగొట్టింది.

జొన్నచేను
తమ్ముడూ, ఆ ఏడు మార్కుల బాధ్యత నీది కాదు. బళ్లు మూసేసిన కాలంలో నీకు గణితం చెప్పవలసిన వాళ్లు చెప్పలేకపోయారు.

బోధనాభ్యాసం
బీఈడీ పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెబుతాను కనుక ఖమ్మం_అమ్మ గారి మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాను. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న ఒక నర్సరీ బడిలో, బొమ్మలు వేయడం అప్పటికే ఇష్టపడే పిల్లలను ఎంచుకుని మూడు జట్లు చేశారు. బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు, రెండో జట్టుకు చెప్పకుండా చివర్లో ఇచ్చారు, మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తరవాత, బహుమతి మాట ఎత్తకుండా రంగు పెన్నులు తరగతిలో పెట్టి గమనిస్తే, ముందే మాట ఇచ్చిన జట్టు పిల్లలు మిగతా వాళ్లలో దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. బొమ్మ వాళ్లకు ఆట స్థానం నుంచి పని స్థానానికి మారిపోయింది. మీ అమ్మాయి పసుపు నీళ్ల పుస్తకం తిరిగి ఇచ్చిన సంగతి చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

బీడీల_కొలువు
ఆ పిల్లలకు బొమ్మలంటే ముందే ఇష్టం. వర్గ సమీకరణాలంటే నాకు ముందే ఇష్టం లేదు కదా. లేని ఇష్టాన్ని పరీక్ష ఎలా చంపుతుంది? నా విషయంలో పరీక్ష కోసం చదవగా చదవగానే ఇష్టం పుట్టింది.

బోధనాభ్యాసం
అవును, ఆ ప్రయోగం ముందే ఇష్టం ఉన్న పిల్లల గురించే చెబుతుంది, దాన్ని అందరికీ పులమకూడదు. మీలాంటి వాళ్లకు మొదటి తోపు బయటి నుంచే రావాలి. చిక్కంతా బడి ఆ తేడా చూడకుండా, ఇష్టం ఉన్న పిల్లకూ లేని పిల్లకూ ఒకే మందు వేయడంలో ఉంది.

ఫ్రిస్కో_నాన్న
మా కుటుంబం టెక్సస్‌లో ఉంటోంది. ఇక్కడ 2012 నుంచి స్టార్ అనే రాష్ట్ర పరీక్ష ఉంది. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా రాస్తారు, హైస్కూల్లో ఆల్జీబ్రా, ఇంగ్లీషు రెండు భాగాలు, జీవశాస్త్రం, అమెరికా చరిత్ర అనే అయిదు పరీక్షలు దాటాలి. ఈ ఫలితాలు కూడా చూసి బడులకు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తారు. మా వాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు పరీక్ష ముందు రోజు బడిలో పాటలు, చప్పట్లతో ఉత్సాహ సభ పెట్టారు. ఇంటికి వచ్చి, "నాన్నా, నేను తప్పు రాస్తే మా బడికి గ్రేడ్ తగ్గిపోతుందా?" అని అడిగాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు బడి పరువు తన భుజం మీద ఉందనుకుని ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

అయితే ఇక్కడ 2021లో చట్టం మార్చి, అయిదు, ఎనిమిది తరగతుల్లో ఈ ఒక్క పరీక్ష తప్పినంత మాత్రాన అదే తరగతిలో ఉంచే నిబంధన తీసేశారు. 2025లో ఇంకో చట్టం చేసి, 2027-28 నుంచి ఈ పరీక్ష స్థానంలో ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు పెట్టబోతున్నారు. మూడు చిన్నవి ఒక పెద్దదాని కన్నా మేలో, మూడు రెట్ల భయమో పిల్లలు రాశాక గానీ తెలియదు.

చెరువుగట్టు
సుద్దముక్క గారి ఉత్తీర్ణత శాతం, మీ బడి గ్రేడ్ ఒకటే కదా. సముద్రాలు దాటినా బరువు మోసేది పిల్లలే.

పాత_లెక్చరర్
ఇష్టం, పట్టుదల అంటూ మాట్లాడుతున్నాం కానీ, ఆ పరీక్షను నమ్మవచ్చునన్న భరోసా ముందు ఉండాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు నేను కళాశాలలో పని చేస్తున్నాను. మొదటి ఏడాదిలో జిల్లా స్థాయిలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి తెలుగులో సున్నా చూపించారు, తిరిగి చూస్తే ఆ మార్కులు 99. ఇలాంటి తప్పులు ఎన్నో బయటపడి, త్రిసభ్య కమిటీ వేసి, ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా పిల్లల జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించవలసి వచ్చింది. అప్పటికే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వారం మా విద్యార్థుల ఇళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, బాగున్నారా అని అడుగుతూ కూర్చున్నాను.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. ఫలితాల రోజు పిల్లలను ఒంటరిగా ఉంచకండి. మార్కులు తక్కువొస్తే ఆ పూట మాట్లాడకండి, పక్కన కూర్చోండి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటాయని ఫలితాలకు ముందే వాళ్లకు చెప్పి ఉంచండి. పిల్లల మాటల్లో నిరాశ కనబడితే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఖమ్మం_అమ్మ
పాత_లెక్చరర్ గారూ, ఆ నంబరు మా ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి పెట్టాను.

సర్వే_మాస్టారు
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. 2024 డిసెంబరు 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరుతో దేశమంతటా 3, 6, 9 తరగతులకు పరీక్ష జరిగింది. ఎంపిక చేసిన బడుల్లో, ఎంపిక చేసిన పిల్లలే రాశారు. ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో పిల్లలకు చెప్పరు, రాష్ట్రం, జిల్లా ఎలా ఉన్నాయన్నదే బయటికి వస్తుంది. ఆ రోజు మా బడిలో పిల్లలు నవ్వుకుంటూ లోపలికి వెళ్లి, నవ్వుకుంటూ బయటికి వచ్చారు. బడి ఎలా నడుస్తోందో కొలవడానికి పదిహేనేళ్ల పిల్లల మెమోలే కావాలా? సుద్దముక్క గారి సమావేశాల్లో అడిగే ప్రశ్నలకు ఇలాంటి సర్వే సరిపోతుంది. పదో తరగతి పరీక్షను పిల్లవాడి కోసం, బీడీల_కొలువు గారు చెప్పిన తలుపు కోసం వదిలేయవచ్చు.

సుద్దముక్క
ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒకే పరీక్షతో పిల్లవాడిని, మాస్టారిని, బడిని, జిల్లాను నలుగురినీ కొలుస్తున్నాం కాబట్టే దాని బరువు అంత పెరిగింది. అయితే ఒక జాగ్రత్త: సర్వే ఫలితాలతో కూడా జిల్లాలకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెడితే, దానికీ స్లిప్ టెస్టులు పుడతాయి.

పెన్నా_ఇసుక
ర్యాంకుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనే పదో తరగతి ఫలితాలను ర్యాంకుల రూపంలో ప్రకటనలు ఇవ్వకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయినా మా పట్టణంలో ఫలితాలు వచ్చిన మర్నాడు ఫ్లెక్సీలు లేచాయి. ఆ ఫ్లెక్సీల కోసమే కదా ఖమ్మం_అమ్మ గారి అమ్మాయి ఆదివారం కూడా బడికి పోతున్నది.

నూటికి_ఇరవై
తెలంగాణలో 2025లో జీపీఏ తీసేసి మళ్లీ మార్కులు తెచ్చారు. 9.7 అన్నప్పుడు పక్కింటి పిల్లతో పోలిక అక్కడే ఆగేది. 553, 554 అన్నప్పుడు ఒక్క మార్కు దగ్గర కూడా పోలిక మొదలవుతుంది. మా చెల్లెలి ఇంట్లో ఈ ఏడాది అదే చూశాను.

బీడీల_కొలువు
సీటు ఇచ్చేవాడికి మాత్రం 553కీ 554కీ తేడా తెలియాలి. గ్రేడ్లున్నప్పుడు ఒకే జీపీఏ వచ్చిన వందల మందిలో ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి పుట్టిన తేదీ దాకా చూడవలసి వచ్చేది. దాని కన్నా మార్కు నయం.

జొన్నచేను
ఇంత చర్చలో ఒకటి తేలలేదు. తాతయ్యగారి కషాయం పోస్తే పసుపు నీళ్లు ఏ రంగు మారాయి?

ఖమ్మం_అమ్మ
అందరి మాటలూ మా వారికి చదివి వినిపించాను. మూడు_పేపర్లు రాసింది చదివినప్పుడు, చూశావా పరీక్ష ఉండాలన్నాను అన్నారు. సుద్దముక్క గారి పిల్లవాడి ప్రశ్న చదివినప్పుడు ఏమీ అనలేదు. శనివారం ఇద్దరం కలిసి బడికి వెళ్లి, ఆదివారం పరీక్షకు పంపలేమని చెప్పాం. నెలకు రెండు ఆదివారాలు వదిలేయడానికి ఒప్పుకున్నారు. సెక్షన్ల మార్పు సంగతి మాత్రం తమ చేతిలో లేదన్నారు.

జొన్నచేను గారి ప్రశ్న మా అమ్మాయిని అడిగాను. గుర్తులేదంది. కాసేపయ్యాక తనే లోపలికి వెళ్లి ఆ పాత పుస్తకం తెచ్చి చూసింది. కషాయం ఎదురుగా "మారలేదు" అని ఉంది, పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం ఉంది. చింతపండు పులుసు పోసినా మారలేదు కాబట్టి కషాయం కూడా పుల్లటిదే అయి ఉండాలని తనంటే, పులుపూ కాదు సబ్బూ కాదు, మంచినీళ్లలాంటిదైనా రంగు మారదు కదా అని నేనన్నాను. పసుపుతో ఆ రెండింటికీ తేడా తెలియదని, దానికి వేరే సూచిక కావాలని చెప్పి, పెరట్లో ఎర్ర మందారాలు ఎన్ని పూశాయని అడిగింది. అది ఎన్ని మార్కుల ప్రశ్నో మాత్రం అడగలేదు.

జొన్నచేను
మందార రేకులు వేడి నీళ్లలో నానబెట్టమనండి. నిద్ర సంగతి?

ఖమ్మం_అమ్మ
ఈ వారం ఏడు గంటలు.